ఫైబర్ ఎక్కువుందని ఓట్స్ ప్యాకెట్ మార్చాను, కడుపు ఇంకా చెడింది. ఐబీఎస్ ఉన్నవాళ్లు ఏవి తింటున్నారు?

మారతహళ్ళి_మధు
ఐబీఎస్ (పేగు ఊరికే చికాకు పడే జబ్బు) అని డాక్టరు తేల్చి ఏడు నెలలైంది. నాది విరేచనాల రకం. ఉండేది బెంగళూరు మారతహళ్ళి, ఆఫీసు ఇబ్బలూరు దగ్గర. 500డి ఎక్కితే ఔటర్ రింగ్ రోడ్డు మీద అరగంటో గంటన్నరో ఎవరూ చెప్పలేరు. ఆ బస్సులో కడుపు మెలిపెడితే ఎలా ఉంటుందో మీలో కొందరికి చెప్పక్కర్లేదు. పోయిన నెలలో రెండుసార్లు మధ్యలో దిగి పెట్రోలు బంకు వెతుక్కున్నాను.

డాక్టరు నాలుగు నిమిషాల్లో చూసి "ఫైబర్ పెంచండి" అన్నారు. రోల్డ్ ఓట్స్ (అటుకుల్లా నొక్కినవి) మొదలుపెట్టా. రెండు వారాలు నిజంగానే నయమనిపించింది. ఆ ఊపులో సూపర్ మార్కెట్లో ప్యాకెట్లన్నీ తిప్పి చూశాను. నేను తినేదాని మీద వంద గ్రాములకు 10 గ్రాముల ఫైబర్ అని ఉంది. పక్క అరలో "హై ఫైబర్" అని పెద్దక్షరాలతో ఇంకోటి, దాంట్లో 14. రేటు డబలైనా తెచ్చుకున్నా. తొమ్మిది రోజులైంది. పొద్దున పదకొండయ్యేసరికి పొట్ట డోలులా బిగుస్తోంది. మీటింగులో బెల్టు ఒక రంధ్రం వదులు చేసుకుని కూర్చుంటున్నా. మోషన్ రోజుకి నాలుగైదుసార్లు.

పెంచమన్నారు, పెంచాను. తప్పెక్కడ జరిగింది? ఫైబర్ బాగా ఉండి కడుపుకి పడే ఓట్స్ ఏవో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

బెజవాడ_బుల్లోడు
ఓట్స్ మానేసి పెరుగన్నం తిను బ్రో. సెట్ అయిపోద్ది.

సుజాత_జయనగర్
బుల్లోడూ, అతనికి పాలు పెరుగు పడతాయో లేదో తెలీకుండా ఎలా చెప్తావు?

మధు గారూ, మూడు చెప్పండి. ప్యాకెట్ వెనక పదార్థాల జాబితా ఉంటుంది, అది వరసగా టైపు చెయ్యండి. గిన్నెలో ఓట్స్ కాకుండా ఇంకేం వేస్తున్నారు? వేసుకునే ఓట్స్ ఎన్ని గ్రాములు? కప్పు లెక్క వద్దు, తూచి చెప్పండి.

గోదారిగట్టు
త్రాసు లేకపోతే మీ అపార్ట్‌మెంట్లో కేకులు చేసే ఆవిడ ఎవరో ఒకరు ఉంటారండి, అడిగి తెచ్చుకోండి. నేనలాగే తెచ్చుకున్నాను. పనిలో పని, కేకు ముక్క కూడా పెట్టారు.

మారతహళ్ళి_మధు
త్రాసు దొరికింది. రోజూ వేసుకునేది తూచితే 96 గ్రాములొచ్చింది! నేను నలభై యాభై ఉంటుందనుకున్నా.

వెనక ఉన్నది: ఓట్స్, గోధుమ పొట్టు ఫ్లేక్స్, ఖర్జూరం, ఎండుద్రాక్ష, చికోరీ వేరు ఫైబర్ (ఇనులిన్), తేనె, ఉప్పు. దాంట్లో చల్లని పాలు, సగం ఆపిల్, నాలుగైదు జీడిపప్పులు వేసుకుంటా. యూట్యూబులో చూసి మొదలుపెట్టిన గిన్నె ఇది.

సుజాత_జయనగర్
ఇప్పుడర్థమైంది. ఆ ఎక్కువైన నాలుగు గ్రాములే మీ కడుపుని తిప్పుతున్నాయి. నాకు పదకొండేళ్లుగా ఐబీఎస్, ఇదే గోతిలో నేనూ పడ్డాను కాబట్టి కాస్త పెద్దదే రాస్తా, ఓపిగ్గా చదవండి.

ప్యాకెట్ మీద ఫైబర్ ఒకటే అంకె. లోపల రకాలు వేరు. ఓట్స్‌లో ఉండే కరిగే పీచు పేరు బీటా గ్లూకాన్. నీళ్లు తగిలితే జిగురవుతుంది. ఆ జిగురు పల్చగా వచ్చేదాన్ని పట్టి ఆపుతుంది, గట్టిగా ఉన్నదాన్ని మెత్తబరుస్తుంది. మన రకానికి కావల్సింది అదే. వంద గ్రాముల రోల్డ్ ఓట్స్‌లో 10 గ్రాముల పీచు ఉంటే దాదాపు 4 గ్రాములు ఈ బీటా గ్లూకానే.

మీ కొత్త ప్యాకెట్లో ఆ అంకెని 14కి లాగింది గోధుమ పొట్టూ ఇనులినూ. గోధుమ పొట్టు కరగదు, పేగుని గీరుకుంటూ తోసుకుపోతుంది. మలబద్ధకం మాత్రమే ఉన్నవాళ్లకి పనికి రావచ్చు, మీకు కాదు. ఇనులిన్ కరిగేదే, కానీ చిన్నపేగు దాన్ని అరిగించలేదు. పెద్దపేగులోకి వెళ్లగానే అక్కడి బ్యాక్టీరియా దాని మీద పడి చకచకా పులియబెడుతుంది. మీ పదకొండు గంటల డోలు అదే. పైన ఆపిల్, తేనె, ఖర్జూరం, జీడిపప్పు, పాలు. సున్నితమైన పేగుకి గ్యాస్ పెంచే సరుకులో సగం ఒకే గిన్నెలో పోశారు, అదీ 96 గ్రాముల మీద.

పాత రోల్డ్ ఓట్స్‌కి వెళ్లిపోండి. పదార్థాల జాబితాలో ఒక్క మాటే ఉండాలి: ఓట్స్. 40 గ్రాములతో మొదలుపెట్టండి.

కడపకారం
సుజాతక్కా, జీడిపప్పు కూడానా? బాదం అయితే పర్లేదా?

సుజాత_జయనగర్
పది బాదంపప్పుల దాకా నాకు పడతాయి. జీడిపప్పు, పిస్తా పడవు. అరటిపండు కూడా గట్టిగా ఉన్నప్పుడు ఇబ్బంది లేదు, మచ్చలు పడి మగ్గిందంటే తేడా చేస్తుంది.

హిమ_ఆహారం
నేను ఇక్కడే బెంగళూరులో డైటీషియన్‌గా చేస్తున్నాను. సుజాత గారు చెప్పినదానికి కొంచెం కలుపుతా.

గోధుమ పొట్టు సంగతి డాక్టర్లకే ఆలస్యంగా తెలిసింది. ఏళ్లపాటు ఐబీఎస్ అనగానే పొట్టు తినమనేవాళ్లు. 1994లో మాంచెస్టర్ డాక్టర్లు లాన్సెట్ పత్రికలో ఒక పరిశీలన వేశారు. వందమంది ఐబీఎస్ రోగుల్ని అడిగితే, పొట్టు తిన్నాక ఎక్కువైందన్నవాళ్లు 55 శాతం, మేలు చేసిందన్నవాళ్లు 10 శాతం. తర్వాత బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2008లో ఇచ్చిన సూచనల్లో, పీచు పెంచాల్సి వస్తే ఇసబ్‌గోల్, ఓట్స్ లాంటి కరిగే పీచే పెంచండి అని రాశారు. అమెరికా గ్యాస్ట్రో డాక్టర్ల సంఘం 2021లో అదే మాట చెప్పింది. "ఫైబర్ పెంచండి" అని ఒక్క ముక్క చెప్పి పంపేస్తే జనం మధు గారిలాగే అంకె చూసి కొంటారు. ఆ తప్పు ఆయనది కాదు.

కొలత గురించి. ఆస్ట్రేలియాలో మోనాష్ యూనివర్సిటీ వాళ్లు ఫాడ్‌మ్యాప్ అనే లెక్క తెచ్చారు. అరగకుండా పెద్దపేగుకి పోయి పులిసే చక్కెరలన్నిటికీ కలిపి అది ఒక పేరు. వాళ్ల పట్టికలో రోల్డ్ ఓట్స్‌కి అరకప్పు, అంటే 52 గ్రాముల దాకా పచ్చ గుర్తు, అంటే పర్లేదని. క్విక్ ఓట్స్‌కి పావుకప్పే, 23 గ్రాములు. ఓట్స్‌లో కూడా అలా పులిసే ఫ్రక్టాన్ కొంత ఉంటుంది, కొలత దాటితే అవే ఓట్స్ ఇబ్బంది పెడతాయి.

మారతహళ్ళి_మధు
52 ఎక్కడ, నా 96 ఎక్కడ. తలుచుకుంటే దడ పుడుతోంది. థాంక్స్ అక్కా, థాంక్స్ హిమ గారూ. మరి "హై ఫైబర్" అని ముందు రాయడానికి రూలేమీ లేదా?

హిమ_ఆహారం
ఉంది. మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ లెక్కలో వంద గ్రాములకు 6 గ్రాముల పీచుంటే చాలు, అలా రాసుకోవచ్చు. మామూలు ఓట్స్‌లోనే 10 ఉంది కాబట్టి ఏ ఓట్స్ ప్యాకెట్ అయినా ఆ మాటకి సరిపోతుంది. ముందు అక్షరాలు వదిలేసి వెనక్కి తిప్పండి. పదార్థాల వరస బరువు ప్రకారమే ఉంటుంది, ఎక్కువున్నది ముందు. ఇనులిన్, చికోరీ, ఫ్రక్టో ఆలిగోసాకరైడ్ అన్న మాటలు కనిపిస్తే ప్రస్తుతానికి అది మీ ప్యాకెట్ కాదు.

బెజవాడ_బుల్లోడు
చికోరీ అంటే మన ఫిల్టర్ కాఫీలో కలిపేదేగా! మల్లేశ్వరంలో రోజుకి మూడు లోటాలు తాగుతా నేను. పోయినట్టేనా?

మల్లేశ్వరం_మావయ్య
బాబూ, అదే వేరు. వేయించి పొడి చేసి కాఫీలో కలుపుతారు. ప్యాకెట్ మీద ఎంత శాతమో రాసి ఉంటుంది, చూసుకో. 49 దాకా కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది. వేయించినప్పుడు ఇనులిన్ కొంత విరిగిపోతుందట, అయినా మిగిలేది డికాక్షన్‌లో దిగుతుంది. నాకు ఉబ్బరం ఉన్నప్పుడు మా వీధి చివర కాఫీ గింజలు మర ఆడించే కొట్లో చికోరీ లేకుండా పట్టించుకున్నాను. నెల రోజులు నాలుక ఒప్పుకోలేదు, తర్వాత అదే బాగుందనిపించింది.

బెజవాడ_బుల్లోడు
మూడు లోటాల్ని ఒకటి చేసుకుంటా మావయ్యా. అంతకన్నా నావల్ల కాదు.

అనంతపురం_ఓబులేసు
యాడో గింజ తెచ్చుకోని దానికి త్రాసులూ పట్టికలూ ఎందుకప్పా? మన రాగులుండాయి గదా. మా నాయన అరవై ఏండ్లు సంగటే తిన్యాడు, కడుపునొప్పని ఒక్కపొద్దు గూడా పనుకోల్యా. బెంగళూరులో యా హోటల్‌కి పోయినా రాగి ముద్దె దొరుకుతాది. రాగిలో గూడా ఫైబర్ బాగుందని మా డాక్టరే చెప్పినాడు.

హిమ_ఆహారం
ఓబులేసు గారూ, రాగిలో పీచు నిజంగానే ఎక్కువ. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పట్టికలో వంద గ్రాములకు 11 గ్రాముల పైనే, ఓట్స్‌తో సమానం. కానీ అందులో తొమ్మిదిన్నర గ్రాములు కరగనిదే. కరిగేది రెండు గ్రాములు కూడా లేదు. ఆరోగ్యంగా ఉన్న పేగుకి రాగి బంగారం. విరేచనాల రకం ఐబీఎస్‌లో అంత కరగని పీచు ఒక్కసారిగా పంపితే కొందరికి తోసేస్తుంది.

అనంతపురం_ఓబులేసు
మీరు లెక్కలు చెప్తాండారు, నేను తినేవాళ్లని చూసి చెప్తాండా. నాకు గూడా ఏడాదికొకసారి కడుపు చెడుతాది. అంబలి రాత్రి పులియబెట్టి పొద్దున మజ్జిగ కలిపి పల్చగా తాగితే సద్దుకుంటాది. ముద్దె పడనోళ్లకి అంబలి పడొచ్చు. దాన్ని గూడా ఓట్స్ మాదిరి ఒక వారం తాగి చూడమనండి, అంతే నేను చెప్పేది.

సుజాత_జయనగర్
ఆ మాట ఒప్పుకుంటా ఓబులేసు గారూ. నాకు ముద్దె పడదు, పల్చటి రాగి జావ అరగ్లాసు పడుతుంది. కానీ మధు గారు ముందు ఓట్స్ ఒక్కటే సరిచేసుకోనీండి. ఒకేసారి రెండు మార్చితే ఏది మేలు చేసిందో ఏది కీడు చేసిందో తేలదు. నేను మొదటి రెండేళ్లు పోగొట్టుకున్నది అలాగే.

నల్గొండ_పిల్ల
నాకైతే ఏ ఓట్సూ పడలే. రోల్డ్ తిన్న, స్టీల్ కట్ తిన్న, 30 గ్రాములే తిన్న, మెత్తగ ఉడకబెట్టిన. అయినా సాయంత్రం దాక గ్యాసే. అందరు ఓట్స్ మంచిది మంచిది అంటుంటె నాదే ఏదో తప్పు అనుకుని నాలుగు నెలలు బలవంతంగ తిన్న. ఆఖరికి డాక్టరమ్మ ఆపేసి ఇసబ్‌గోల్ ఇచ్చింది. అర చెంచాతోటి షురూ చేసిన, పెద్ద గ్లాసు నీళ్లల్ల. పది రోజులకు కడుపు నిమ్మళమైంది. పడకపోతె పట్టుకుని వేలాడకండి, అది చెప్తామనే రాస్తున్న.

హిమ_ఆహారం
ఇది చాలా ముఖ్యమైన మాట. ఓట్స్‌లోని బీటా గ్లూకాన్ కూడా పెద్దపేగులో పులుస్తుంది, గ్యాస్ వస్తుంది. ఇసబ్‌గోల్ జిగురు అంతగా పులవదు, అందుకే కొందరికి అదే హాయి. రెండిటికీ నీళ్లు మాత్రం తగ్గించకూడదు. పొడిగా నోట్లో వేసుకుని గుటక నీళ్లు తాగితే గొంతులోనే ఉబ్బుతుంది, ప్రమాదం. గ్లాసులో కలిపిన వెంటనే తాగెయ్యాలి.

విశాఖ_వాసంతి
థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు ఒకటి గమనించండి. నేను మాత్ర వేసుకున్న పది నిమిషాలకే ఓట్స్ తినేసేదాన్ని. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ అంకె) పెరిగిపోయింది, డోసు పెంచారు. తర్వాత అడిగితే, పీచు మాత్రని సరిగ్గా ఒంట పట్టనివ్వదు, పరగడుపున వేసుకుని అరగంట నుంచి గంట ఆగాలన్నారు. ఇప్పుడు మాత్ర వేసుకుని, పిల్లల టిఫిన్ డబ్బాలు కట్టేశాక తింటున్నా.

ఓపికమ్మ
మా అబ్బాయి బెంగళూరు బీటీఎంలో పీజీ హాస్టల్లో ఉంటాడు, పంతొమ్మిదేళ్లు. వాడికీ ఇదే జబ్బు. "అమ్మా నేను ఓట్సే తింటున్నా" అంటాడు, ఫోను చేసినప్పుడల్లా కడుపునొప్పే. కిందటి శనివారం వెళ్లి చూస్తే అల్మారా నిండా మసాలా ఓట్స్ పొట్లాలు. వేణ్ణీళ్లు పోసుకుని మూడు నిమిషాల్లో తినేస్తాడట. ఇవి కూడా ఓట్సేగా, మరెందుకు నొప్పి?

సుజాత_జయనగర్
ఓపికమ్మ గారూ, ఆ పొట్లం వెనక చూడండి. ఉల్లిపాయ పొడి, వెల్లుల్లి పొడి తప్పకుండా ఉంటాయి. ఆ రెండిట్లోనూ ఫ్రక్టాన్లు దండిగా ఉంటాయి. పొడి అంటే ఎండబెట్టి చిక్కబరిచింది, చెంచాడు పొడి అంటే ఎన్ని రెబ్బలో లెక్కేసుకోండి. ఉప్పు కూడా ఎక్కువే.

పీజీలో ఎలక్ట్రిక్ కెటిల్ ఉంటే చాలు. రోల్డ్ ఓట్స్ 40 గ్రాములు మూత ఉన్న స్టీలు డబ్బాలో వేసి, గ్లాసున్నర మరిగే నీళ్లు పోసి, మూత బిగించి, తువ్వాలు చుట్టి ఇరవై నిమిషాలు వదిలెయ్యమనండి. మెత్తబడుతుంది. పైన మీరు ఇంటి నుంచి ఉప్పు, జీలకర్ర, మిరియాల పొడి దంచి చిన్న సీసాలో ఇవ్వండి.

ఓపికమ్మ
వాడి కడుపు కాలినట్టుంటే నా కడుపు మండిపోతోందమ్మా. ఈ ఆదివారమే పొడి కొట్టి ఇచ్చొస్తా. మా తమ్ముడి దగ్గర పాత డబ్బా ఒకటి ఉంది, మూత బాగా బిగుస్తుంది.

గోదారిగట్టు
వెల్లుల్లి లేకపోతే మనవాళ్లకి ముద్ద దిగదండి. దానికో దారుంది. వెల్లుల్లిలో ఇబ్బంది పెట్టేది నీళ్లలో దిగుతుంది, నూనెలో దిగదు. రెబ్బలు నూనెలో ఎర్రగా వేయించి తీసి పారేసి, ఆ నూనెతో పోపు పెట్టుకోండి. వాసన ఉంటుంది, బాధ ఉండదు. ఉల్లికాడల్లో పచ్చ భాగం కూడా వాడుకోవచ్చు, తెల్ల గడ్డ వదిలేసి.

మారతహళ్ళి_మధు
సుజాత అక్కా, మీరు పొద్దున ఎలా వండుకుంటారో అచ్చంగా చెప్తారా? గ్రాములు, నీళ్లు, నిమిషాలు. నాకు అంచనా రాదు.

సుజాత_జయనగర్
చెప్తా. రోల్డ్ ఓట్స్ 40 గ్రాములు. అడుగు మందం గిన్నెలో ఉత్తినే రెండు నిమిషాలు వేయిస్తా, పచ్చివాసన పోయి పేలాల వాసన వస్తుంది. 300 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, సన్న సెగ మీద ఎనిమిది నిమిషాలు. కలుపుతూ ఉండాలి. మొదట గింజ వేరు నీళ్లు వేరుగా ఉంటుంది. ఐదో నిమిషం నుంచి చిక్కబడుతుంది. గరిటె ఎత్తి వంచితే చుక్కలుగా పడకుండా జారుతూ తీగ సాగాలి. ఆ జిగురే మనకి కావల్సింది, అప్పుడే దించుతా. చల్లారితే ఇంకా బిగుస్తుంది, అందుకే కాస్త జారుగానే దించాలి. ఇంకో పొయ్యి మీద చెంచా నూనెలో ఆవాలు, జీలకర్ర, అల్లం తురుము, కరివేపాకు, ఒక క్యారెట్ తురుము. ఉప్పు. అంతే. నిమ్మకాయ తినేముందు.

కడపకారం
అక్కా తప్పుగా అనుకోవద్దు, నేను ఒకసారి చేస్తే సినిమా పోస్టర్లు అంటించే మైదా మాదిరి వచ్చింది. మా రూమ్మేటు గోడ చూపించి నవ్వినాడు.

సుజాత_జయనగర్
నువ్వు వేసింది ఇన్‌స్టంట్ అయ్యుంటుంది తమ్ముడూ. అది ముందే ఉడికించి పల్చగా నొక్కి ముక్కలు చేసింది. ఎనిమిది నిమిషాలు పెడితే జిగురు ముద్దే. దానికి రెండు నిమిషాలు చాలు.

కడపకారం
మరి స్టీల్ కట్‌లో ఫైబర్ ఎక్కువంటారు కదా? దాని రేటు చూస్తే కళ్లు తిరుగుతాండాయి.

హిమ_ఆహారం
స్టీల్ కట్, రోల్డ్, ఇన్‌స్టంట్, ఉత్త ఓట్స్ అయినంతవరకు మూడింట్లో పీచు దాదాపు ఒకటే. గింజని ఎంత నలిపారన్నదే తేడా. నలిపినకొద్దీ త్వరగా అరిగి రక్తంలో చక్కెర త్వరగా పెరుగుతుంది, కాబట్టి షుగరున్నవాళ్లు ఇన్‌స్టంట్ జోలికి పోకపోతే మంచిది. పీచు కోసమే అయితే స్టీల్ కట్‌కి ఆ డబ్బు పెట్టనక్కర్లేదు, రోల్డ్ చాలు. ఓట్ బ్రాన్‌లో మాత్రం నిజంగానే ఎక్కువ, వందకి 15 గ్రాముల దాకా. కడుపు కుదుటపడ్డాక చెంచా చెంచాగా కలుపుకోవచ్చు.

ఇంకొకటి. 40 గ్రాముల ఓట్స్ ఇచ్చేది 4 గ్రాముల పీచు. మన పోషకాహార సంస్థ రోజుకి సుమారు 30 గ్రాములు ఉండాలంటోంది. మిగతాది కూరల్నించి, పప్పుల్నించి, పళ్లనించి రావాల్సిందే. మొత్తం బరువు ఓట్స్ మీదే మోపకండి.

మల్లేశ్వరం_మావయ్య
నాది వేరే చిక్కు. కొలెస్ట్రాల్ కోసం ఓట్స్ తినమన్నారు. దానికి రోజుకి 3 గ్రాముల బీటా గ్లూకాన్ కావాలని అమెరికా ఆహార ఔషధ సంస్థ 1997 నుంచీ చెబుతోంది. సుజాత గారి లెక్కన 75 గ్రాముల ఓట్స్. కడుపేమో 50 దాటితే ఊరుకోదు. గుండె చెప్పేది వినాలా, పేగు చెప్పేది వినాలా?

హిమ_ఆహారం
రెండిటి మాటా వినొచ్చు సార్. పొద్దున 40, సాయంత్రం ఏడింటికి 35. ఒక్క పూటలో తిన్నదాన్నే పేగు లెక్క చూసేది. ఒక వారం పొద్దునది మాత్రమే, కుదిరితే రెండో వారం సాయంత్రానిది 15తో మొదలుపెట్టి పెంచండి.

తట్టెఇడ్లీ
ఈ చర్చ మొత్తం చదివాక రాయకుండా ఉండలేకపోతున్నా. నాకు ఆరేళ్లు ఐబీఎస్ అనే మందులిచ్చారు. ఓట్స్ తింటే కూడా ఉబ్బరం, విరేచనాలు. బరువు 61 నుంచి 49కి వచ్చింది, హిమోగ్లోబిన్ 8. అందరూ టెన్షన్ అన్నారు. ఇక్కడే వేరే గ్యాస్ట్రో డాక్టరు టీటీజీ అనే రక్తపరీక్ష రాశారు, తర్వాత ఎండోస్కోపీ. సీలియాక్ జబ్బని తేలింది. గోధుమలోని గ్లూటెన్ అనే ప్రోటీన్ నా చిన్నపేగుని లోపల్నించి నున్నగా అరగదీసేసింది.

ఓట్స్‌లో గోధుమ గ్లూటెన్ ఉండదు. కానీ పొలంలో, లారీలో, మరలో గోధుమతో కలిసిపోతుంది. నాలాంటివాళ్లకి గ్లూటెన్ ఫ్రీ అని రాసి ఉన్న ఓట్స్ మాత్రమే, అదీ డాక్టరు సరేనన్నాకే. పోపులో వేసే కలిపిన ఇంగువలో కూడా గోధుమపిండి ఉంటుంది, చాలామందికి తెలీదు. గోధుమ మానేసి పరీక్షకి వెళ్తే అది సరిగ్గా పట్టదు, కాబట్టి మానేముందే చేయించుకోండి.

మధు గారూ, మీకా పరీక్ష చేశారా?

మారతహళ్ళి_మధు
లేదండీ. సోమవారం అడుగుతా. మీరు పడింది చదువుతుంటే కళ్లు చెమ్మగిల్లాయి. ఇప్పుడెలా ఉన్నారు?

తట్టెఇడ్లీ
ఇప్పుడు 57. పేరు చూశారుగా, ఇడ్లీ మీదే బతుకుతున్నా, హాయిగా.

హిమ_ఆహారం
దీనికి కలిపి: మలంలో రక్తం, తెలీకుండా బరువు తగ్గడం, నిద్రలోంచి లేపే విరేచనాలు, జ్వరం, రక్తహీనత, నలభై ఐదు దాటాక కొత్తగా మొదలైన మార్పు, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్. వీటిలో ఏ ఒక్కటున్నా ఏ ఓట్స్ అని చర్చ ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మారతహళ్ళి_మధు
మూడున్నర వారాలయ్యాయి, చెప్పాలని వచ్చా.

టీటీజీ చేయించా, ఏమీ లేదు. డాక్టరు ఈసారి పావుగంట కూర్చోబెట్టి మాట్లాడారు. నేను అడగాల్సినవి కాగితం మీద రాసుకుని వెళ్లా.

హై ఫైబర్ ప్యాకెట్ మా బావమరిదికి ఇచ్చేశా, వాడికి రాళ్లు తిన్నా అరుగుతాయి. పాత రోల్డ్ ఓట్స్ 40 గ్రాములు, అక్క చెప్పినట్టే. మొదటి రెండు రోజులు తీగ సాగలేదు, మంట ఎక్కువ పెడుతున్నా. మూడోరోజు గరిటె ఎత్తితే జారింది, ఆనందంతో మా ఆవిణ్ణి పిలిచి చూపించా. మొదటి వారం ఉబ్బరం సగం తగ్గింది. రెండో వారం నుంచి మోషన్ రోజుకి ఒకటి, ఎప్పుడైనా రెండు. పాలు మానేశా. పెరుగు బాగా తోడుకున్నది రెండు చెంచాలు పడుతోంది. బుల్లోడు బ్రో, నీ పెరుగన్నం కూడా నెమ్మదిగా మొదలుపెట్టా.

చెడ్డరోజులు లేవని కాదు. ఆఫీసులో బిర్యానీ తిన్నరోజు రాత్రంతా పడ్డా. కానీ నిన్న సిల్క్‌బోర్డు దాకా వెళ్లాల్సొచ్చింది, ఒక్కచోటే నలభై నిమిషాలు బస్సు కదల్లేదు. కిటికీ పక్కన కూర్చుని పాటలు విన్నా. కడుపు సంగతి దిగాక గుర్తొచ్చింది.

నల్గొండ_పిల్ల
చదువుతుంటె నాకే పాణం లేచొచ్చినట్టుంది అన్నా.

ఓపికమ్మ
మా వాడు కూడా డబ్బాలో నానబెట్టుకుంటున్నాడు. మిరియాల పొడి అయిపోయిందని ఫోను చేశాడు నాయనా. అదే పెద్ద వార్త మా ఇంట్లో.

అనంతపురం_ఓబులేసు
బాగైంది మధూ, సంతోషం. అంబలి మాత్రం మర్చిపోవద్దు, ఒకనాడు తాగి చూడు.

మారతహళ్ళి_మధు
తప్పకుండా ఓబులేసన్నా, పండగ అయ్యాక. ఇప్పుడొక సందేహం. సంక్రాంతికి వారం రోజులు కర్నూలు వెళ్తున్నా. అమ్మ రసంలో దంచిన వెల్లుల్లి లేకుండా చెయ్యదు. రెబ్బలు ఏరేసి తాగితే సరిపోతుందా?

గోదారిగట్టు
సరిపోదండి. రసం అంటే నీళ్లు, అందులో మరిగితే మొత్తం దిగిపోతుంది, ఏరేసినా లాభం లేదు. మీ గిన్నె వరకు ముందే తీసి పక్కన పెట్టించి, నూనెలో వేయించిన పోపు పెట్టించుకోండి. అమ్మకి ముందే ఫోనులో చెప్పండి, పీటల మీద కూర్చున్నాక చెబితే బాధపడతారు.

సుజాత_జయనగర్
ఓట్స్ కూడా 40 గ్రాముల చొప్పున తూచి పొట్లాలు కట్టుకుని వెళ్లండి, అక్కడ త్రాసు ఉండదు. వారానికి ఏడు.

మారతహళ్ళి_మధు
తొమ్మిది కట్టాను అక్కా. రెండు అమ్మకి. తనకీ చూపిస్తా తీగ ఎలా సాగుతుందో.